రెండు వేళ్ళ సందు

ఆదివారం పొద్దున త్రినాథరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ తినాలి. కారు తీసుకుని ఎల్‌బీ నగర్ వెళ్ళాలి. కారు వెనక భాగాన్ని కాస్త ఎత్తు చేయించాలి. భోజనం వేళకి ఏమీ ఎరగనట్టు వచ్చి కంచం ముందు కూర్చోవాలి. ఇదంతా భార్యకి తెలియకూడదు. ఇన్నేళ్ళ కాపురంలో భార్యకి తెలియకుండా ఆయన చేయగలిగిన పని ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

ఆ కారు జగన్‌ది. జగన్ వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత కారొకటి కొని, దానికి నేరేడుపండు రంగు వేయించి, స్ప్రింగులు మార్పించి, నేలకి ఆనిందా అన్నట్టు కిందకి దించాడు. వెనక చక్రానికీ పైనున్న రేకుకీ మధ్య తన చేతివేళ్ళు పెట్టి చూసుకునేవాడు. "రెండు వేళ్ళు పట్టాలి నాన్నా, మూడోది పట్టకూడదు. అదీ అందం" అనేవాడు. "ఇది కారా, పాకే పిల్లాడా?" అనేది తల్లి సూర్యప్రభ.

పోయిన ఏడాది వానాకాలంలో జగన్‌కి జ్వరమొచ్చింది. డెంగీ అన్నారు. తనే కారు నడుపుకుంటూ ఆస్పత్రికి వెళ్ళాడు. వారం తిరిగాక కారు ఒక్కటే తిరిగొచ్చింది. ఇందులో కారు తప్పేమీ లేదు. కానీ మనుషులు పోయాక మిగిలిన వస్తువులు ఊరికే నిలబడి ఉన్నా ఏదో నేరం చేసినట్టే కనబడతాయి.

వాళ్ళ అపార్ట్‌మెంటు గడ్డిఅన్నారం పాత పళ్ళ మార్కెట్ వెనక సందులో ఉంది. మార్కెట్ ఉన్న రోజుల్లో బత్తాయి లారీలు ఆ సందులోంచి దూసుకుపోయేవి. పిల్లలు తిరిగే చోటని కాలనీవాళ్ళు చందాలేసుకుని, సరిగ్గా వీళ్ళ గేటు ముందు ఒక స్పీడ్ బ్రేకర్ కట్టించారు. కట్టిన మేస్త్రీ ఎవరో గానీ సిమెంటు విషయంలో చేతికి ఎముక లేనివాడు. దాన్ని చిన్నసైజు గట్టు చేసి వదిలాడు. తర్వాత మార్కెట్ బాటసింగారం తరలిపోయింది, లారీలు పోయాయి, గట్టు మాత్రం అలాగే ఉండిపోయింది.

జగన్ రోజూ ఇంటికొచ్చేటప్పుడు కారు వెనక అడుగుభాగం ఆ గట్టుకి రాసుకుని 'కర్ర్‌ర్' మని చప్పుడయ్యేది. మొదటి అంతస్తు బాల్కనీలోంచి సూర్యప్రభ, "నెమ్మదిరా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు!" అని సందు సందంతా వినబడేలా అరిచేది. అరిచి, లోపలికెళ్ళి చారు వేడి పెట్టేది. కొడుకు మీద కోపమూ, చారూ ఆ ఇంట్లో ఒకేసారి మరిగేవి.

జగన్ పోయిన మూడోనాడు, ఆస్పత్రి దగ్గర నిలిచిపోయిన కారుని అతని స్నేహితుడు యోగేందర్ ఇంటికి తెచ్చాడు. గేటు దగ్గర కర్ర్‌ర్ మంది. ఇంటినిండా చుట్టాలు. మూలన గోడకి ఆనుకుని కూర్చున్న సూర్యప్రభ దిగ్గున లేచి, చెప్పుల్లేకుండా మెట్లన్నీ దిగి పరుగెత్తింది. కారు తలుపు తెరుచుకుని యోగేందర్ దిగాడు. ఆమె అక్కడే, సిమెంటు నేల మీద కూలబడిపోయింది. ఆమెని లేవనెత్తుతూ త్రినాథరావు మనసులో ఒట్టు పెట్టుకున్నాడు. ఆ చప్పుడు మళ్ళీ ఈవిడ చెవిన పడకూడదు.

ఏడాదిగా ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు. బ్యాటరీ పాడవకుండా వారానికోసారి కారు బయటికి తీసేవాడు. గట్టు దగ్గరకి రాగానే కారుని ఏటవాలుగా తిప్పి, నిద్రపోయిన పిల్లాణ్ణి భుజం మీదనుంచి మంచం మీదకి దించినంత జాగ్రత్తగా దాటించేవాడు. వెనకాల ఆటోవాళ్ళు హారన్లు కొట్టి, నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. తిట్లన్నీ పడేవాడు గానీ చప్పుడు మాత్రం రానిచ్చేవాడు కాదు.

వచ్చే గురువారం జగన్ సంవత్సరీకం. విజయవాడలో కృష్ణ ఒడ్డున చేయాలని అనుకున్నారు. ఏడాదిగా గేటు దాటని సూర్యప్రభ, "నేనూ వస్తాను. వాడి కారులోనే వెళ్దాం" అంది. ఏడాదిలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. త్రినాథరావుకి ప్రాణం లేచొచ్చింది, వెంటనే సగం ప్రాణం పోయింది. ముందు సీట్లో ఆవిడకి కళ్ళు తిరుగుతాయి, వెనకే కూర్చోవాలి. వెనక మనిషీ, డిక్కీలో సామానూ ఉంటే ఆ కారు ఇంకా దిగుతుంది. ఇక్కణ్ణుంచి బెజవాడ దాకా ఎన్ని గట్లు! ప్రతి గట్టుకీ కర్ర్‌ర్ మంటే ఈ మనిషి ఏమైపోతుంది? సగం దారిలో కూలబడిపోతే కొడుకు పేరు మీద నీళ్ళు వదిలేది ఎవరు?

ఆవిడని అడిగితే పోయేది. కానీ అడిగితే పోయేదానికి అబద్ధమాడటం కొందరు మొగుళ్ళకి తీరని వ్యసనం.

"ఎక్కడికండీ పొద్దున్నే?" అంది సూర్యప్రభ.

"ఎల్‌బీ నగర్ దాకా. బస్సు టికెట్లు కనుక్కుని వస్తాను" అన్నాడు త్రినాథరావు. ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆయనకే తెలియదు.

"బస్సెందుకు? కారులో వెళ్దామన్నాను కదా?"

"ఊరికే... ఎందుకైనా మంచిదని."

"బస్సు కనుక్కోవడానికి కారేసుకుని వెళ్తారా?"

ఆయన వినబడనట్టు మెట్లు దిగిపోయాడు. ఒక అబద్ధంతో రెండు అనుమానాలు పుట్టించడం కూడా ఒక విద్యే.

కింద ఇంకో పని ఉంది. "డిక్కీ సాఫ్ చేస్కోని రా సారూ" అని మెకానిక్ బిక్షమయ్య ముందే ఫోన్లో చెప్పాడు. డిక్కీ ఏడాదిగా ఎవరూ తెరవలేదు. అందులో ఒక క్రికెట్ బ్యాటు, బురద ఎండిన బూట్లు, సగం వాడిన పాలిష్ డబ్బా, సూర్యప్రభ కుట్టిన గలేబు తొడిగిన చిన్న దిండు ఉన్నాయి. దిండు ముక్కుకి ఆనించుకుని త్రినాథరావు కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత అన్నీ గోనెసంచిలో వేసి వాచ్‌మన్ మట్టయ్యకి ఇచ్చాడు.

"ఇవి నీ గదిలో దాచు. అమ్మగారికి కనబడకూడదు."

"కారు ఇచ్చేస్తున్నరా సార్?"

"నీకెందుకయ్యా అదంతా? అమ్మగారు అడిగితే నాకేమీ తెలీదని చెప్పు."

"మంచిది సార్. నాకేం తెల్వదని చెప్త" అన్నాడు మట్టయ్య. అతను నిజాయితీపరుడు. ఏమీ తెలియదని చెప్పమంటే, తనకి తెలియనిదేమిటో పూసగుచ్చినట్టు చెప్పే రకం.

జగన్ కారు దించింది నాగోల్ వైపు ఒక కుర్రాళ్ళ షాపులో. అక్కడికి వెళ్తే యోగేందర్‌కి తెలుస్తుంది, యోగేందర్ ద్వారా సూర్యప్రభకి తెలుస్తుంది. అందుకని త్రినాథరావు ఎల్‌బీ నగర్ అవతల విజయవాడ రోడ్డు మీదున్న బిక్షమయ్యని ఎంచుకున్నాడు. బిక్షమయ్య మార్కెట్ రోజుల్లో పళ్ళ లారీలకి కమాన్ కట్టలు, అంటే బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు, బిగించిన మనిషి. లారీలతో పాటే షెడ్డునీ హైవే మీదకి మార్చాడు. అతని దృష్టిలో ప్రపంచంలో వాహనాలు రెండే రకాలు. లోడు మీదున్నవి, లోడు లేనివి.

అతను కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కిందకి చూసి, నాలుక చప్పరించాడు.

"గిదేంది సారూ, గింత కిందికి దించిండ్రు? చీమ గూడ వంగి పోవాలె!"

"మా అబ్బాయి దించుకున్నాడు. వెనక భాగం మాత్రం కాస్త పైకి లేపాలి. గట్లకి తగలకూడదు. చప్పుడు రాకూడదు. అది ముఖ్యం."

"ఎంత లేపాలె?"

త్రినాథరావు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ లెక్చరరు. బరువు పెరిగేకొద్దీ స్ప్రింగు ఎంత కుంగుతుందో పిల్లలకి కొన్ని వేలసార్లు బోర్డు మీద వేసి చూపించాడు. కారు స్ప్రింగుని మాత్రం ఆ రోజే మొదటిసారి కళ్ళతో చూశాడు. బోర్డు మీద అది ఎప్పుడూ శుభ్రంగా ఉండేది.

"నాలుగు వేళ్ళ సందు ఉంటే చాలు" అన్నాడు సుద్దముక్క పట్టే తన వేళ్ళు చూపించి.

"సరే, నాలుగేళ్ళు" అన్నాడు బిక్షమయ్య తన వేళ్ళు చూపించి. ఆ నాలుగూ కలిపితే దాదాపు జానెడు. ఇద్దరూ ఒప్పందం కుదిరిందనుకున్నారు.

జాకీ పెట్టి వెనక భాగం ఎత్తారు, చక్రాలు విప్పారు. స్ప్రింగు కింద మరచుట్లున్న గొట్టం, దాని మీద తిరిగే ఒక ఇనుప రింగు ఉన్నాయి. ఆ రింగుని పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందకి తిప్పితే దిగుతుంది. ఏడాది దుమ్ము పట్టి అది బిగుసుకుపోయింది. బిక్షమయ్య కిరోసిన్ పోసి, ఇనుప బ్రష్షు పెట్టి మరలన్నీ తళతళలాడేలా తోమాడు. "గిప్పుడు సూడు సారూ, కొత్త పెండ్లికొడుకు లెక్క మెరుస్తున్నది" అని మురిసిపోయాడు. త్రినాథరావు కూడా మురిసిపోయాడు. ఆ మురిపెం ఎంత నష్టం చేసిందో తర్వాత తెలిసింది.

రింగు కొంత తిప్పి, చక్రాలు బిగించి, జాకీ దించారు. సందు బ్రహ్మాండంగా ఉంది. త్రినాథరావు సంతోషంగా కారెక్కి, ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. వచ్చేసరికి సందు లేదు. కారు ఎప్పటిలాగే చతికిలబడి ఉంది. జాకీ మీదనుంచి దించిన కారు నాలుగు గుంతలు తిరిగితే గానీ తన అసలు ఎత్తులో కూర్చోదని వాళ్ళిద్దరిలో ఎవరికీ తట్టలేదు.

"స్ప్రింగు మెత్తగున్నది సారూ" అన్నాడు బిక్షమయ్య, తప్పు తనది కాదన్న ధీమాతో. "గిట్ల గాదు. మొత్తం ఎక్కిస్త. లారీల లెక్క ఉండాలె. ఖాళీగున్నప్పుడు ఎనక లేసుండాలె, లోడ్ పడ్డంక సాపయితది."

"మరీ ఎక్కువైపోదూ?"

"సప్పుడు రావొద్దన్నవు గద?"

త్రినాథరావు తల ఊపాడు. రింగుని మరల చివరిదాకా తిప్పేశారు. ఈసారి దించి, నాలుగు గుంతలు తిప్పి తెచ్చినా కారు కుంగలేదు. వెనక భాగం ఆకాశానికి లేచి, ముందు దీపాలు నేల చూపులు చూస్తూ, పొట్టేలు కుమ్మడానికి వంగినట్టు నిలబడింది. పక్క టీకొట్టు దగ్గరివాళ్ళు గ్లాసులు పట్టుకుని మరీ చూడటానికి వచ్చారు.

ఈలోగా ఇంటి దగ్గర జరిగింది త్రినాథరావుకి తర్వాత తెలిసింది. సూర్యప్రభ రెండు ఇడ్లీలు పట్టుకుని మట్టయ్యకి ఇద్దామని కిందకి దిగింది. మట్టయ్య గోనెసంచిని మంచం కింద బాగానే దాచాడు గానీ, దిండు మెత్తగా ఉందని వీపు వెనక పెట్టుకుని కూర్చున్నాడు. గలేబు మీది కుట్టుపువ్వు చూడగానే ఆమె ప్లేటు పక్కన పెట్టేసింది.

"ఇది నీకెక్కడిది మట్టయ్యా?"

"నాకేం తెల్వదమ్మా" అన్నాడు మట్టయ్య లేచి నిలబడి. "సార్ డిక్కీల సామాను నాకియ్యలే. దాచమని చెప్పలే. కారు ఇచ్చేస్తున్నరా అని నేను అడగనే లేదు."

బస్సు టికెట్లు, ఖాళీ డిక్కీ, దాచిన దిండు. సూర్యప్రభ లెక్క వేసుకుంది. లెక్క తప్పు గానీ వేసిన పద్ధతిలో లోపం లేదు. భర్తకి ఫోన్ చేసింది. ఫోను షెడ్డులో ఆయన విప్పి మేకుకి తగిలించిన చొక్కా జేబులో మోగి మోగి ఊరుకుంది. అప్పుడు యోగేందర్‌కి చేసింది.

"బాబూ యోగీ, మీ అంకుల్ వాడి కారు అమ్మేస్తున్నార్రా. ఎల్‌బీ నగర్‌లో ఎక్కడో ఉన్నారు. నువ్వు వెళ్ళి ఎలాగైనా ఆపు నాయనా" అని ఫోను పెట్టేసింది.

యోగేందర్ ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని, రెండు బైకుల మీద ఎల్‌బీ నగర్‌లోని పాత కార్ల షాపులన్నీ జల్లెడ పట్టాడు. చివరికి హైవే పక్కన నేరేడుపండు రంగు కనబడింది. బైకు స్టాండు కూడా వేయకుండా పరుగెత్తుకొచ్చి, బిక్షమయ్యకీ కారుకీ మధ్య నిలబడ్డాడు.

"అంకుల్, దండం పెడ్త. వేరేటోళ్ళకు ఇయ్యకుండ్రి. మేం ముగ్గురం కల్సి తీస్కుంటం."

"ఏం తీసుకుంటారయ్యా?" అన్నాడు త్రినాథరావు అయోమయంగా.

"కారు! ఈయనెంత అన్నడో, దానికి మీదనే ఇస్తం."

"నేనేడ కొంటున్న బిడ్డా?" అన్నాడు బిక్షమయ్య బ్రష్షు గాల్లో ఊపుతూ. "పైకి లేపమన్నడు, లేపిన. గంతే!"

అప్పుడు ముగ్గురు కుర్రాళ్ళూ తల తిప్పి కారుని సరిగ్గా చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వు రావలసినంత అన్యాయంగానే ఉంది కారు. అయినా నవ్వలేదు.

"ఇదేంది అంకుల్? జగన్ కారు గిట్లుంటదా?" అన్నాడు యోగేందర్.

ఆ మాటతో త్రినాథరావుకి తను చేసింది ఏమిటో అర్థమైంది. చప్పుడు ఒక్కటీ తీసేయాలనుకున్నాడు. పిల్లాడు తన చేతులతో పెట్టుకుని వెళ్ళినదాన్ని మార్చేశానన్న ఆలోచనే రాలేదు. "మళ్ళీ దించేద్దాం. ఎలా ఉండేదో అలాగే పెట్టేద్దాం. ఎంత ఉండేదో నీకు తెలుసు కదా యోగీ?" అన్నాడు గబగబా.

యోగేందర్ చక్రం పక్కన గొంతుక్కూర్చుని, సందులో రెండు వేళ్ళు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూశాడు.

"కొలత ఏం లేదు అంకుల్. వాడు ఏళ్ళు పెట్టి సూస్కునేటోడు. నా ఏళ్ళు లావు. వానియి సన్నగుంటుండె."

"రింగు పాత జాగల మట్టి గీత ఉండె" అన్నాడు బిక్షమయ్య నెమ్మదిగా. "అది సూసి పెట్టొచ్చు. గానీ బ్రష్ కొట్టిన గద సారూ... శుభ్రం జేస్తె గూడ తప్పయితదని నాకేం ఎరుక?"

త్రినాథరావు తన చేతివేళ్ళు చూసుకున్నాడు. పొట్టివి, సుద్ద పట్టినవి. పక్కనే పడున్న పాత టైరు మీద కూర్చుని, అంతమంది చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడాదిగా ఆయన ఎవరి ముందూ ఏడవలేదు. భార్య కోసం గట్టిగా ఉండాలని కొందరూ, మగవాడివి కదా అని కొందరూ చెప్పారు. ఆయన బుద్ధిగా విన్నాడు. ఇప్పుడు రెండు వేళ్ళ సందు కోసం, కిరోసిన్ వాసన మధ్య ఏడుస్తుంటే, టీకొట్టువాళ్ళు గ్లాసులు దించేసి తలలు వంచుకున్నారు. యోగేందర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

మేకు మీది చొక్కాలో ఫోను మళ్ళీ మోగింది. మట్టయ్య.

"సార్, అమ్మ పొద్దట్నుంచి ఏం తినలే. బాల్కనీల నిలబడి రోడ్డు దిక్కే సూస్తున్నది. నేనైతే ఏం చెప్పలే సార్."

ఇక ఆగడానికి లేదు. త్రినాథరావు దగ్గర తాళంచెవి తీసుకుని యోగేందర్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. స్నేహితులిద్దరూ జిమ్ములో పెంచిన దేహాలతో వెనక సీట్లో కూరుకున్నారు. "నా పేరు ఖరాబైతది. అమ్మకు నేనే సమ్‌జాయిస్త. అవసరమైతే ఆడ్నే దించిస్త" అంటూ బిక్షమయ్య లారీ జాకీనీ, పనిముట్ల పెట్టెనీ డిక్కీలోకి ఎత్తి, తను కుర్రాళ్ళిద్దరి మధ్యా దూరాడు. బైకులు షెడ్డులోనే ఉండిపోయాయి. కారు ఎల్‌బీ నగర్ దాటి కొత్తపేట వచ్చింది. దారిలో బిక్షమయ్య ఒకసారి, "సూసినవా సారూ, లోడ్ పడ్డంక సాపయింది" అన్నాడు. ఎవరూ చూసే స్థితిలో లేరు.

సందు మలుపు తిరిగాక గేటు కనబడింది, గేటు ముందు గట్టు కనబడింది. "యోగీ, ఏటవాలుగా తిప్పు..." అని త్రినాథరావు అనేలోపే అలవాటైన చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. యోగేందర్ ఎన్నోసార్లు జగన్ పక్కన కూర్చుని ఆ గట్టు దాటినవాడు. జగన్ లాగే తిన్నగా ఎక్కించాడు.

కర్ర్‌ర్.

త్రినాథరావు కళ్ళు మూసుకున్నాడు. ఏడాది ఒట్టు, ఆదివారం పథకం, అన్నీ ఆ చప్పుడులో కలిసిపోయాయి.

"నెమ్మదిరా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు!"

బాల్కనీలోంచి వచ్చింది ఆ అరుపు. సందు సందంతా వినబడింది. ఎదురింట్లో బట్టలారేస్తున్నావిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మట్టయ్య కుర్చీలోంచి లేచాడు. అరిచిన సూర్యప్రభ కూడా, ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందా అన్నట్టు, రెయిలింగ్ పట్టుకుని బిగుసుకుపోయింది. తర్వాత లోపలికెళ్ళి, మెట్లు దిగి వచ్చింది. ఈసారి పరుగెత్తలేదు. చెప్పులు వేసుకుని, ఒక్కొక్క మెట్టే దిగి వచ్చింది.

"ప్రభా, నేను అమ్మలేదు. ఒట్టు. వెనక ఎత్తు చేయిద్దామని తీసుకెళ్ళాను. ఈ చప్పుడు నీకు వినబడకూడదని... ఆ రోజు నువ్వు పడిపోయావు కదా" అన్నాడు త్రినాథరావు ఒక్క గుక్కలో. "తీరా వాడు పెట్టుకున్న ఎత్తు కాస్తా పోగొట్టాను. చప్పుడూ ఆగలేదు. రెంటికీ చెడ్డాను."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. కళ్ళు వాచి ఉన్నాయి. ఆ సంగతి ఏడాదిలో మొదటిసారి గమనించింది.

"సంవత్సరం నుంచీ ఇది గేటు దగ్గర చప్పుడు చెయ్యకుండా వస్తుంటే, పాడైపోయిందేమో అనుకున్నానండీ" అంది. "వారం వారం మీరు బండి తీసినప్పుడల్లా బాల్కనీలోకి వచ్చి చెవులప్పగించి నిలబడేదాన్ని. దొంగలా వచ్చేసేవారు."

"మరి ఆ రోజు..."

"ఆ రోజు వాడొచ్చాడనుకుని పరుగెత్తాను. ఇవాళ వాడు రాలేదని తెలుసు. అయినా ఆ చప్పుడు వాడిదేనండీ. వాడిది అదొక్కటే మాట్లాడుతోంది ఇంట్లో. దాన్ని కూడా నోరు మూయిస్తారా?"

ఏడాది పొడుగునా ఆయన కింద చప్పుడు రాకుండా నరకయాతన పడ్డాడు. ఆవిడ పైన చప్పుడు వినబడక నరకయాతన పడింది. మధ్యలో ఉన్నవి ఒక్క అంతస్తు మెట్లు.

కారులోంచి కుర్రాళ్ళు ఒక్కొక్కరే దిగారు. ఒక్కొక్కరు దిగుతుంటే వెనక భాగం కాస్త కాస్త లేచింది. బిక్షమయ్య దిగి, డిక్కీలోంచి జాకీ దించేసరికి పొట్టేలు మళ్ళీ కుమ్మడానికి తయారైంది. దాన్ని చూసి సూర్యప్రభ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

"ఇదేం అవతారమండీ! అంటే... ఖాళీగా ఉంటే ఇక చప్పుడు రాదా?"

"మళ్ళ దించుత గానీ అమ్మా, ఆ పిలగాడు ఎంతల పెట్టిండో ఎవలకు తెల్వది" అన్నాడు బిక్షమయ్య. అంతవరకూ తల వంచుకుని ఉన్నవాడు ఒక్కసారి ముఖం విప్పాడు. "ఒక్కటే ఉపాయం. లోడ్ ఎయ్యాలె. లోడ్ పడితె అదే దిగుతది."

ఆ మధ్యాహ్నం అంతమందికీ సూర్యప్రభ అన్నం వండింది. ఏడాది తర్వాత ఆ ఇంట్లో చారు మరిగింది. దిండు మట్టయ్య గదిలోంచి తిరిగి కారులోకి వచ్చింది. మట్టయ్యకి బదులుగా ఇంకో దిండు దొరికింది. దాని గురించి మాత్రం తనకి ఏమీ తెలియదని అతను ఎవరికీ చెప్పలేదు.

భోజనాలయ్యాక డిక్కీలో బరువు కొంచెం కొంచెం పెంచుతూ యోగేందర్ కారుని మళ్ళీ మళ్ళీ గట్టు దాటిస్తుంటే, త్రినాథరావు గేటు ముందు అటూ ఇటూ తిరుగుతూ, స్ప్రింగు ఎంత బరువుకి ఎంత కుంగుతుందో లెక్కలు కట్టాడు. ఇన్నేళ్ళలో ఆ సూత్రం మొదటిసారి ఇంటి అవసరానికి పనికొచ్చింది. సూర్యప్రభ బాల్కనీలో నిలబడి, ప్రతిసారీ చెవి పెట్టి విని, "ఊహూఁ, ఇంకా చాలదు" అంటూ తల అడ్డంగా ఊపింది. చివరికొకసారి ఊపలేదు.

గురువారం తెల్లవారుజామున యోగేందర్ స్టీరింగు పట్టాడు. త్రినాథరావు ముందు కూర్చున్నాడు. సూర్యప్రభ వెనక సీట్లో, దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గేటు దగ్గర కారు గట్టెక్కి దిగింది. కర్ర్‌ర్ మంది. "నెమ్మదిరా" అంది ఆమె, అరవకుండా. ఎవరిని అన్నావని ఎవరూ అడగలేదు. త్రినాథరావు వెనక్కి తిరక్కుండా చెయ్యి వెనక్కి చాపాడు, ఆమె పట్టుకుంది.

స్వయంపాకానికి ఐదు కిలోల బియ్యం చాలని పంతులుగారు ముందే చెప్పారు గానీ, డిక్కీలోంచి బియ్యం బస్తాల మీద బస్తాలు దిగడం చూసి, తన పౌరోహిత్యంలో ఇంత శ్రద్ధగా కర్మ చేసిన కుటుంబాన్ని ఎరగనని ఇప్పటికీ కృష్ణ ఒడ్డున అందరికీ చెబుతుంటారు.